పదకొండు సెకన్ల ఆకాశం

కుట్టుపని నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఎవరైనా మా ఇంటికొస్తే అందరూ ఒకటే అడుగుతారు. "మీరు టీవీ వాళ్ళకి కుట్టారంట కదా ఆంటీ, నిజమేనా?" అని. నిజమే. ఏడు వారాలు వచ్చి ఆగిపోయిన సీరియల్‌కి కుట్టాను. ఎవరికీ గుర్తులేదు, వాళ్ళ తప్పేం కాదు. నాకే ఒక్కోసారి అదంతా నిజంగా జరిగిందా, లేక మధ్యాహ్నం పూట మిషను మీద తల వాల్చినప్పుడు కలగన్నానా అని అనుమానం వస్తుంది. అప్పుడు ఫోనులో ఉందో లేదో చూసుకుంటాను. ఉంది. జరిగింది.

గుంటూరు బ్రాడీపేటలో మా కొట్టు ఒక మిషను, ఒక బల్ల, ఒక స్టూలు పట్టేంత. ముప్పై ఏళ్ళకు పైగా అందులో కూర్చుని జాకెట్లు కుట్టాను. డిసెంబరు వస్తే మాత్రం జాకెట్లు పక్కనపెట్టి దేవదూతల్ని కుట్టేదాన్ని. చర్చిల్లో పిల్లలు క్రిస్మస్ నాటకాలు వేస్తారు కదా, వాళ్ళకి రెక్కలు. తీగ వంచి, తెల్ల నెట్టు గుడ్డ లాగి కట్టి, భుజాల దగ్గర రెండు కుట్లు వదులుగా వదిలేయాలి. పిల్లాడు పరిగెడితే రెక్క ఊగాలి, ఊడకూడదు. ఆ కిటుకు నాకు తెలుసని ఊళ్ళో పేరు.

ఆ పేరే నా మీదికి సీరియల్‌ని తెచ్చింది. డైరెక్టరు మా వీధి పిల్లే. ఆరేళ్ళప్పుడు నా దగ్గర దేవదూత రెక్కలకి కొలతలిచ్చింది, ముప్పై నిండకుండానే డైరెక్టరై వచ్చింది. ఒకరోజు పాత పిల్లల మాసపత్రికల కట్ట తెచ్చి నా కత్తెర పక్కన పడేసింది. ఎప్పుడో ఒక డ్రాయింగ్ మాస్టారు గీసిన బొమ్మల కథ అందులో ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు. ఒకామె గాలిని ఆపుతుంది. ఒకామె నేలతో మాట్లాడి నీళ్ళెక్కడున్నాయో కనుక్కుంటుంది. మూడోది, అందరికన్నా చిన్నది, పగలంతా మిరప కళ్ళంలో కూలి చేస్తుంది, ఎవరికైనా ఆపదొస్తే ముఖానికి ముసుగేసి, మెడకి ఎర్రగుడ్డ ముడేసుకుని ఎగిరిపోతుంది.

"ముగ్గురికీ మీరే బట్టలు కుట్టాలి పిన్నిగారూ," అంది.

"నేనా? జాకెట్లు కుట్టేదాన్ని తల్లీ!"

"హైదరాబాదులో అడిగితే ప్లాస్టిక్ కవచాలు చూపించారండీ. నాకు గాలికి ఊగే గుడ్డ కావాలి. ఇదిగో, ఈ పేజీ చూడండి."

చూశాను. పేజీ మొత్తం ఒకటే బొమ్మ. మాటలు లేవు. కిందంతా తెల్లటి మేఘాలు, వాటి మీద చిన్న అమ్మాయి, ఆ అమ్మాయి వెనక ఎర్రగుడ్డ. మొదటిసారి ఎగరడం అది. కాగితం పచ్చబడిపోయింది గానీ ఎరుపు మాత్రం అలాగే ఉంది. ఎంతసేపు చూశానో, ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో జాకెట్టు కమిలింది.

"ఈ పేజీ ఏడో ఎపిసోడ్‌లో వస్తుంది. ముందు ఆరూ దీనికోసమే," అంది. తర్వాత లేచి వెళ్తూ, "టైటిల్స్‌లో కాస్ట్యూమ్స్ అని మీ పేరే వేస్తాం," అంది. అంతే, నేను పడిపోయాను. ముప్పై ఏళ్ళలో నా పేరు కొట్టు బోర్డు మీద తప్ప ఎక్కడా పడలేదు. ఆ బోర్డులోనూ ఒక అక్షరం రాలిపోయింది.

ఏడో ఎపిసోడ్ షూటింగు డిసెంబరు మొదటి ఆదివారం, చిలకలూరిపేట హైవే మీద పత్తిలోంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో. మిల్లుకి ఆ ఒక్కరోజే సెలవు. సోమవారం దూదంతా నొక్కి బేళ్ళు కట్టేస్తారు. మా మేఘాలు ఆ దూదే, అంటే అవి ఉండేది ఆ ఒక్కరోజే. నేను చర్చి ఎగ్గొట్టాను. పాస్టరు గారి భార్యకి ఒంట్లో బాగోలేదని కబురు పెట్టాను. క్రిస్మస్‌కని కొనుక్కున్న మంగళగిరి చీర, పండుమిరప రంగుది, ముందే కట్టేసుకున్నాను. టీవీ వాళ్ళ మధ్యకి పాత చీరతో వెళ్తానా!

ఇద్దరి బట్టలు సూట్‌కేసులో పట్టాయి. ఎగిరే పిల్ల గుడ్డ మాత్రం ఐదు గజాల శాటిను, ఎలా మడిచినా పట్టలేదు. మా ఆయన మిర్చి యార్డులో పనిచేసేవాడు కాబట్టి ఇంట్లో ఖాళీ మిర్చి సంచులకి కొదవ లేదు. మా వైపు ఇల్లు మారినా, పిల్లల పుస్తకాలు మూటగట్టినా, పెళ్ళి సామాను పంపినా ఆ సంచే. ఒకటి తీసుకుని, తిరగేసి, వీధి మెట్ల మీద రెండుసార్లు దులిపి, వాసన చూశాను. ఏమీ రాలేదు. అందులో గుడ్డ పెట్టి మూతి కట్టేశాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి పిల్లలూ. నాకు వాసన రాలేదంటే వాసన లేదని కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిర్చి గాలి పీల్చినదాని ముక్కుకి ఆ ఘాటు ఏం తెలుస్తుంది? గుంటూరు వాళ్ళం తప్ప ఇంకెవరూ ఈ తప్పు చేయలేరనుకుంటాను. అందులో మాకు పోటీ లేదు.

మిల్లు షెడ్డులోకి అడుగుపెట్టగానే నేను నడుస్తున్నానా తేలుతున్నానా తెలీలేదు. గింజ తీసిన దూది రెండంతస్తుల ఎత్తున పోసి ఉంది. పైన కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఆ ఎండలో దూది పోగులు పైకీ పోక, కిందికీ దిగక, అలా నిలబడి ఉన్నాయి. ఎవరు మాట్లాడినా మాట మెత్తబడిపోయేది. అరిచినా దూది మింగేసేది. పత్రికలో పేజీ అక్కడ పరిచిపెట్టి ఉంది, నడిచి అందులోకి వెళ్ళిపోవడమే మిగిలింది అనిపించింది.

ఎగిరే పిల్ల విశాఖపట్నం నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. ఇదే మొదటి అవకాశం. ఆరు వారాలుగా నేల మీదే నటించింది, ఈ రోజు కోసం రోజూ రోప్ కట్టుకుని సాధన చేసింది. నేను భుజాల దగ్గర గుడ్డ ముడేస్తుంటే, "ఆంటీ, నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకుంటే ఎగిరిపోతున్నా," అని నవ్వింది. మంచి పిల్ల.

పదింటికి లైట్లు వేశారు. నడుముకి పట్టీ బిగించారు, రెండుసార్లు పైకెత్తి దించారు. చెమట పట్టింది. అప్పుడు మొదలైంది.

"మెడ మండుతోందండీ," అంది.

ప్రొడక్షన్ మేనేజరు గడియారం వైపు చూశాడు. ఆయన పెద్ద గొంతు మనిషి, దూది కూడా ఆయన్ని పూర్తిగా మింగలేకపోయింది. "ఇప్పుడు మళ్ళీ ఏమైందమ్మా?"

"ఏమో అండీ, ఈ గుడ్డ తగిలిన చోటల్లా మండిపోతోంది."

"టైలరు గారూ! బట్టలో ఏమన్నా ఉందా?"

నేను వెళ్ళి గుడ్డ అంచు తీసుకుని నా చెంపకి రుద్దుకున్నాను. చల్లగా, మెత్తగా ఉంది. "ఏం లేదండీ. కొత్త శాటిను. చూడండి, నాకేం మండట్లేదు," అన్నాను. అబద్ధం కాదు. అప్పటికి నాకు తెలిసింది అంతే.

నా సాక్ష్యమే ఆ పిల్ల కొంప ముంచింది. "రోప్ అంటే భయమైతే భయమని చెప్పు. ఈ నాటకాలెందుకు?" అన్నాడు మేనేజరు. పిల్ల ఏడ్చింది. ఏడుస్తూ గుడ్డ పట్టుకున్న ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. దాంతో కళ్ళు కూడా మంటెత్తి వాచిపోయాయి. గుడ్డ విప్పేసి పక్కన పడేసింది. దాన్ని మడత పెడదామని సామాన్ల గదికి తీసుకెళ్ళాను. మూలన నా మిర్చి సంచి. ఎందుకో దాని అడుగు తిరగేశాను. కుట్టు మూలలో రెండు మిరపగింజలు, వాటి చుట్టూ గోరంత ఎర్రటి పొడి. ఎర్ర శాటిను మీద ఆ పొడి ఎవరికి కనిపిస్తుంది?

గింజలు రెండూ వేలితో తీసి కొంగు చివర ముడేసుకున్నాను. ఎందుకు దాచానంటే ఏం చెప్పను? టైటిల్స్‌లో పేరు. వీధిలో అందరికీ చెప్పుకున్నాను, మా కోడలు పుట్టింటి వాళ్ళకి కూడా ఫోను చేసి చెప్పింది. కాసేపాగితే మంట అదే తగ్గిపోతుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం చాలా తేలిక, మంట నాది కాదు కదా.

బయటికొచ్చేసరికి పిల్లని పంపించేస్తున్నారు. డైరెక్టరమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. రెండు దాటితే కిటికీ వెలుగు పోతుంది, రేపటికి దూది ఉండదు, ఏడో ఎపిసోడ్ ఇవ్వకపోతే చానెలు వాళ్ళు ఊరుకోరు. "ముసుగే కదా మేడం, ఎత్తు సరిపోయినవాళ్ళని ఎవర్నైనా కట్టి ఎగరేద్దాం. ఈ అమ్మాయి సంగతి వచ్చే వారం నుంచి కథలోనే తేల్చేద్దాం," అన్నాడు మేనేజరు. అంటే తీసేస్తారన్నమాట.

"నేను నాటకం ఆడట్లేదండీ," అంది పిల్ల. అప్పుడు నావైపు తిరిగింది. కళ్ళు తెరుచుకోవట్లేదు, అయినా నన్ను వెతుక్కుంది. "ఆంటీ, మీరైనా చెప్పండి."

నేను గుండుసూదుల డబ్బా మూత తీశాను. మళ్ళీ పెట్టాను. అంతే చేశాను.

పిల్ల బ్యాగు తీసుకుని హైవే వైపు నడిచి వెళ్ళిపోయింది. నేను ఒక బేలు మీద కూర్చుని, కుట్టాల్సిన అవసరం లేని అంచుని కుడుతూ ఉన్నాను. సామాన్ల గదిలో సంచి చూసిన దగ్గర్నుంచీ లెక్కేసుకుంటే గంట. దూది పోగులు అలాగే నిలబడి ఉన్నాయి. నాకు నిద్ర ముంచుకొచ్చింది, నమ్ముతారా? భయంతో వచ్చే నిద్ర ఒకటుంటుంది. ఆ నిద్రలో ఏమీ జరగలేదు, ఎవరూ వెళ్ళలేదు, పిల్ల పైన ఎగురుతూనే ఉంది.

జనం సీను కోసం మిల్లులో పనిచేసే ఆడవాళ్ళని ఇరవైమందిని రమ్మన్నారు. అందరూ చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, తలకి గుడ్డలు కట్టుకుని వచ్చారు. వాళ్ళలో ఎత్తు సరిపోయినావిడని పిలిచారు. నలభై ఏళ్ళుంటాయి. చలికాలం ఇక్కడ దూది పని, ఎండాకాలం గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పని. నేను గుడ్డ ఆవిడ మెడకి ముడేస్తున్నాను. ఆవిడ గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి, ఆ వేళ్ళు నాలిక్కి ఆనించుకుంది. నా మొహం వైపు చూసింది.

"ఏ సంచిలో తెచ్చావక్కా?" అంది మెల్లగా.

నేను వేసిన ముడినే విప్పి మళ్ళీ వేశాను.

"నాకు మంట కొత్త కాదు, ఇది కట్టుకుని సాయంత్రం దాకా ఎగురుతా. ఆ పిల్లకి కొత్త. పాపం, ఒళ్ళు కాలిపోయుంటది." కాస్త దగ్గరికొచ్చింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఎదురుచూసింది. నాకు ఒక పక్క సిగ్గు, ఇంకో పక్క, ఎలా చెప్పను, ప్రాణం లేచొచ్చినట్టు. లేచి డైరెక్టరమ్మాయి దగ్గరికెళ్ళి కొంగు ముడి విప్పి చూపించాను. "తప్పు నాదమ్మా. మిర్చి సంచిలో తెచ్చాను. ఆ పిల్ల ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు," అన్నాను. అందరికీ వినిపించేలాగే అన్నాను.

మేనేజరు ఏవేవో అన్నాడు. అనాల్సినవే అన్నాడు. డైరెక్టరమ్మాయి మాత్రం, "పిన్నిగారూ, ఆటో బయటుంది. ముందు వెళ్ళి తీసుకురండి," అంది.

హైవే పక్క బస్సులాగే చోట పిల్ల ఒక చెక్క బెంచీ మీద కూర్చుని ఉంది. తడి రుమాలు మెడకి చుట్టుకుంది. పత్తి లారీలు వెళ్తుంటే గాలికి దూది పింజెలు రోడ్డంతా దొర్లుతున్నాయి. నేను పక్కన కూర్చుని చెప్పేశాను. సంచి, గింజలు, అన్నీ.

"మీకెప్పుడు తెలిసింది?" అంది.

"నువ్వు గుడ్డ విప్పేసిన తర్వాత."

"అంటే నేను మిమ్మల్ని అడిగినప్పుడు..."

"తెలుసు."

"ఎంతసేపైంది ఆంటీ?"

"గంట."

ఒక బస్సు వచ్చి ఆగింది, కండక్టరు గుంటూరు గుంటూరు అని అరిచాడు. పిల్ల లేచింది. నా చేతిలో ఉన్నదంతా జారిపోయిందనుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది, పిల్ల నిలబడే ఉంది.

"నేను మీ కోసం రావట్లేదు," అంది. "ఎగరడానికి వస్తున్నా."

షెడ్డుకి తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. ఆ మిల్లావిడ పిల్లని గోడ పక్కన కూర్చోబెట్టి, సంచిలోంచి ఆముదం సీసా తీసి మెడకీ చేతులకీ రాసి, మెత్తటి దూదితో తుడిచింది. "నీళ్ళు పోస్తే ఇంకా మండుద్ది తల్లీ, నూనెకే దిగుద్ది. మా చేతులకి రోజూ ఇదే," అంది. తర్వాత ఎవరి టిఫిను డబ్బాలోంచో పెరుగన్నం తెప్పించి, అందులో పెరుగు తీసి పూసింది. పిల్ల అన్నిటికీ కళ్ళు మూసుకుని ఊరుకుంది.

మరి మెడకి ఏం కట్టాలి? చిలకలూరిపేట బజారుకెళ్ళి ఎర్రగుడ్డ కొని, కుట్టి తెచ్చేసరికి వెలుగు పోతుంది. అందరూ నావైపు చూశారు. నేను నా చీర వైపు చూసుకున్నాను. పండుమిరప రంగు, జరీ అంచు, మడత నలగని కొత్త చీర. మిల్లు ఆడవాళ్ళు ఇంటికెళ్ళేటప్పుడు కట్టుకోవడానికి ఇంకో చీర తెచ్చుకుంటారు. మిల్లావిడ అడక్కుండానే తనది నా మీదికి విసిరింది. సామాన్ల గదిలో అది కట్టుకుని, చేతులు కడుక్కుని, నాది తెచ్చి దూది మీద పరిచి, ముందు గింజలు ముడేసిన కొంగు చివర కోసేయడానికి కత్తెర పెట్టాను. మొదటి కత్తిరింపుకి ప్రాణం ఉసూరుమంది, ఉన్నమాట చెప్తున్నా. రెండో కత్తిరింపు నుంచి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. భుజాల దగ్గర రెండు కుట్లు వదులుగా వదిలాను, దేవదూతలకి వదిలినట్టే.

ఒంటిగంటన్నర. రోప్ లాగారు. పిల్ల పైకి లేచింది. పెద్ద ఫ్యాను వేశారు, దూది పోగులన్నీ ఒక్కసారి కదిలాయి. ఆ తర్వాత షెడ్డు లేదు, మిల్లు లేదు, హైవే లారీల మోత లేదు. కింద తెల్లటి మేఘాలు, పైన ఎండ, మధ్యలో చిన్న అమ్మాయి, ఆ అమ్మాయి వెనక నా చీర. ముసుగు పైన వాచిన కళ్ళు రెండూ తెరిచి ఉన్నాయి. నా పక్కన మిల్లావిడ తలగుడ్డ తీసేసి, నోరు తెరుచుకుని చూస్తోంది. "అబ్బా, పోతోందే!" అంది, ఎవరితోనూ కాదు.

కట్ అన్నా ఎవరూ కదల్లేదు. పిల్ల దూదిలోకి దిగి, నడుం దాకా మునిగిపోయి, జుట్టంతా తెల్లగా లేచింది. నవ్వుతోంది. "ఎంతసేపున్నా పైన?" అని అడిగింది.

"పదకొండు సెకన్లు," అన్నాడు కెమెరా పక్కనున్నతను.

"అంతేనా! గంటసేపు ఉన్నట్టుంది," అంది. అని, నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. కోపంగా చూళ్ళేదు. ఊరికే చూసి, పట్టీ విప్పించుకోవడానికి వెళ్ళిపోయింది. సాయంత్రం వెళ్తూ ఆ గుడ్డ తనతోనే తీసుకెళ్ళింది, నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

ఏడో ఎపిసోడ్ వచ్చింది. ఎర్ర శాటిను ఉన్నట్టుండి జరీ అంచు చీరైపోతే ఎవరైనా గమనిస్తారేమోనని భయపడి చచ్చాను. ఎవరూ గమనించలేదు, చూసినవాళ్ళుంటే కదా. తర్వాతి వారం ఆ టైముకి వంటల కార్యక్రమం పెట్టారు, వంకాయ బజ్జీతో మొదలైంది. నా పేరు తీసేయమని డైరెక్టరమ్మాయిని బతిమాలాను. "తీసేస్తే తప్పెవరిదో తెలీకుండా పోతుంది పిన్నిగారూ," అని నవ్వి, ఉంచేసింది. క్రిస్మస్‌కి పాత చీరతోనే చర్చికెళ్ళాను. కొత్త చీర ఏదని పాస్టరు గారి భార్య అడిగితే, ఆ ఆదివారం ఆడిన అబద్ధంతో సహా అన్నీ చెప్పేశాను. ఆవిడ తుమ్మొచ్చేలా నవ్వింది.

ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలీదు. ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. ఏం మాట్లాడను?

చూపు తగ్గి కొట్టు మూసేశాక మా మనవరాలు ఆ ఎగిరే ముక్క ఒక్కటీ కత్తిరించి నా ఫోనులో పెట్టింది. దాని చేతే లెక్క వేయించాను. నేను దాచిన ఆ గంటలో పదకొండు సెకన్లు మూడువందల ఇరవై ఏడుసార్లు పడతాయట, ఇంకాస్త మిగులుతుందట. ఎందుకు నానమ్మా అని అడిగింది. ఊరికే అన్నాను. పొద్దున్నే కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, రోజుకి ఒక్కసారే చూస్తాను. కళ్ళు ఆర్పను. ఇవాళ చూసింది రెండువందల పద్నాలుగోసారి.